ఆత్మరక్షణము - అన్యసాహాయ్యము

2025వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ స్థావరమున మన వాయుసేనవారు మిగ్-21 యుద్ధవిమానమునకు వీడ్కోలు పలికిరి. 1963లో మన సేనలో ప్రవేశించిన ఆ విమానము అరువదిరెండేండ్లు దేశమునకు కావలి కాచినది. 1971 యుద్ధమున కీర్తి గడించినది. తుదిదినములలో తరచు ప్రమాదములకు లోనై మన యువవైమానికులను పెక్కుమందిని బలిగొన్నది కూడ. ముదుసలియైన పాలేరును సాగనంపునపుడు గృహస్థుని మనస్సున గలుగు సంతాపము వంటిదే ఆ దినమున దేశమునకెల్ల గలిగినది. కాని సంతాపము చల్లారిన పిమ్మట లెక్క చూచుకొనక తప్పదు. మన వాయుసేనకు మంజూరైన యుద్ధవిమాన దళములు 42. మిగ్-21 దళములు సెలవు గైకొనగా ఆనాటికి మిగిలినవి 29. ఖాళీపడిన చోటులను నింపవలసిన తేజస్ విమానములు వేళకు సిద్ధము కాలేదు.

ఈ లెక్కలో ఒక వింత కలదు. సోవియట్ దేశమువారు రూపొందించిన మిగ్-21ను మనము పరదేశమునుండి దిగుమతి చేసికొని యూరకుండలేదు. వారి యనుమతి బడసి, హిందూస్థాన్ ఏరోనాటిక్సువారి కర్మాగారములలో మన పనివారే ఇంచుమించు ఆరువందల విమానములను తయారుచేసిరి. ఇన్ని విమానములను కట్టిన చేతులకు, అట్టిదే మరియొకటి స్వంతబుద్ధితో సకాలమున కట్టుట యేల సాధ్యపడలేదు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినగాని, నేడు మన మంత్రులు పరరాజ్యములతో చేసికొనుచున్న రక్షణపుటొడంబడికలలో ఏవి మేలైనవో, ఏవి కావో తేల్చుట సాధ్యము కాదని మా యభిప్రాయము.

భూవసతి గల మన పాఠకులకు ఈ సంగతి విశదపరచుటకు దూరము పోనక్కరలేదు. ఒక రైతు పదియెకరముల మాగాణిని ముప్పదియేండ్లు కౌలుకు చేసినాడనుకొందము. దుక్కి అతనిది, ఊడ్పు అతనిది, కోత అతనిది. ఆ భూమిలో ఏ మూల చవుడు కలదో, ఏ మడికి నీరు ముందుగా ఎక్కునో పట్టాదారుకంటె అతనికే బాగుగా తెలియును. అయినను పట్టాదారు వలదన్ననాడు అతడు మేరదాటి పోవలసినదే. ఆయుధములను అనుమతిపై తయారుచేయుటయు నట్టి కౌలే. పటములు పరులవి, లోహపుపాళ్లు పరులవి, పరీక్షించు విధానము పరులది. మన పనివాడు ఏ మర ఎంత బిగింపవలెనో యెరుగును గాని, ఆ మర యచ్చటనే యేల యుండవలెనో యెరుగడు. ఆరువందల పర్యాయములు బిగించినను ఆ 'యేల' అనునది అతనికి తెలియరాదు. తెలియవలెనన్నచో తప్పుచేసి నేర్చుకొనవలెను. కౌలుదారునకు తప్పుచేయు స్వాతంత్ర్యము లేదు గదా!

నేడు ఈ విషయమున రెండు వాదములు వినబడుచున్నవి. సమస్తమును మనమే చేసికొనవలెను, పరుల నీడయైన సోకరాదని యొక పక్షము. ప్రపంచమంతయు మనతో మైత్రి కోరుచున్న ఈ కాలమున ఇరువదియేండ్లు ప్రయోగశాలలలో గడపుటకంటె మంచివస్తువును కొని తెచ్చుకొనుట మేలని మరియొక పక్షము. ఈ రెండును అర్ధసత్యములని మేము తలచుచున్నాము. పరసాహాయ్యము పొందక యే దేశమును పెరిగినది లేదు. కాని లేనివానికి దొరకు సాహాయ్యము వేరు, కొంత కలవానికి దొరకు సాహాయ్యము వేరు. ఏమియు చేయజాలనివానికి లోకము వస్తువునమ్మును. సగము చేయగలవానితో పొత్తు కలుపును. గత అరువదియేండ్ల మన చరిత్రమే ఇందులకు సాక్ష్యము.

మొదట మారుత్ విమానపుకథ. 1956లో జర్మను నిపుణుడైన కూర్ట్ టాంక్‌ను బెంగుళూరునకు రప్పించి, మన వాయుసేన కొరకు వేగవంతమగు యుద్ధవిమానమును రూపొందింపుమని మన ప్రభుత్వమువారు కోరిరి. 1961 జూను 17న ఆ విమానము గాలిలోనికి లేచినది. ఆకృతి చక్కనిది, కట్టుదిట్టమైనది; కాని దానికి తగిన ఇంజను లేకపోయెను. అనుకొన్న బ్రిటిషు ఇంజనును పూర్తిచేయుటకు ఆ కంపెనీవారు సొమ్ము కోరగా మనవారు ఈయరైరి. పిమ్మట ఈజిప్టు దేశమువారు తయారుచేయుచుండిన ఇంజనును దీనికి అమర్పవలెనని యత్నించిరి. మన విమానమునొకదానిని ఆ దేశమునకు పంపి పరీక్షలు గూడ జరిపించిరి. 1967 నాటి యుద్ధకల్లోలము నడుమ ఆ యత్నము సన్నగిల్లి, రెండేండ్లలో మూలబడినది. తుదకు చాలీచాలని శక్తిగల పాత ఇంజనుతోనే మారుత్ సేనలో చేరెను. 1971లో పశ్చిమరంగమున ధైర్యముగా పోరాడెను. కాని ధ్వనివేగమును మించి యెగురవలెనని తలపెట్టిన విమానము ఆ కోరిక తీరకయే, 147 తయారైన తరువాత ఆగిపోయెను. దీనితో రూపకల్పనలో సంపాదించిన నేర్పు కొనసాగక తెగిపోయినది. ఆనాడు ఇంజను కొరకు ఖర్చుపెట్టని సొమ్మునకు వడ్డీ ఈనాటికిని మనము చెల్లించుచునే యున్నాము.

రెండవది, అవసరము వచ్చినవేళ తలుపులు మూసికొను సంగతి. 1965 సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధము జరుగుచుండగా అమెరికాయు, బ్రిటనును మనకు ఆయుధముల సరఫరాను నిలిపివేసినవి. 1991లో అంతరిక్షనౌకల కొరకు అతిశీతల ఇంజనులను, వాని తయారీ విద్యను గూడ ఇచ్చుటకు సోవియట్ సంస్థయొకటి మనతో ఒడంబడిక చేసికొన్నది. 1993లో అమెరికావారి యొత్తిడికి లోబడి రష్యావారు ఇంజనులనిచ్చి, విద్యను మాత్రము ఇయ్యక నిలిపిరి. ఆ విద్యను మనవారు తామే సాధింపవలసివచ్చెను. 2010లో చేసిన మొదటి ప్రయోగము విఫలమైనది. 2014 జనవరి 5న మన స్వంత ఇంజనుతో శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. నెల్లూరు సీమవారు ఆ సాయంకాలము ఆకసమున చూచిన వెలుగునకు ఇరువదియేండ్ల తపస్సు కారణము. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షల పిమ్మట అమెరికాలో తేజస్ విమానపు నియంత్రణవ్యవస్థపై పనిచేయుచుండిన మన ఇంజనీర్లను ఇండ్లకు పంపివైచిరి. వారి పరికరములను, లెక్కలను గూడ అచ్చటనే యుంచుకొనిరి. మనవారు బెంగుళూరునకు వచ్చి ఆ లెక్కలనే తిరిగి మొదలుపెట్టి, 2001 జనవరి 4న విమానము నెగురవేసిరి. ఎగిరించినది మాత్రము అంతకుముందే చేరియుండిన అమెరికా ఇంజను.

ఈ సంగతులు ఎవరిమీదను ద్వేషము పెంచుటకు చెప్పుచున్నవి కావు. ఏ రాజ్యమైనను తన ప్రజల హితమును ముందు చూచుకొనును. మైత్రి దాని తరువాతిది. మన చెరువు నిండకముందు పొరుగూరివారికి తూము తెరచు పెద్దలు మనలో మాత్రమెందరు కలరు? కావున పరులు మోసము చేసిరని వగచుట పౌరుషము గలవారి పని కాదు. వారు కాదన్ననాడు మనచేత నేమి యుండునని ముందుగా ఆలోచించుకొనుటయే కర్తవ్యము.

కాదనిపించుకొనుట యొక్కొక్కప్పుడు మేలునకే వచ్చును. కొచ్చిన్ రేవులో విక్రాంత్ విమానవాహక నౌకను కట్టదలచినప్పుడు దానికి కావలసిన ప్రత్యేకపు టుక్కును రష్యానుండి తెప్పింపవలెనని మొదట అనుకొనిరి. అది వేళకు దొరకుట దుర్ఘటమయ్యెను. అప్పుడు హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనశాలవారు, ప్రభుత్వ ఉక్కుసంస్థవారితో కలిసి, సముద్రపు చలికిని తాకిడికిని పగులని ఉక్కును స్వయముగా సిద్ధపరచిరి. రూర్కెలా, బొకారో, భిలాయి కొలుములలో వేలకొలది టన్నుల ఉక్కు పోతపోయబడినది. 2022 సెప్టెంబరు 2న జలసేనలో చేరిన ఆ 262 మీటర్ల నౌక ఆ యుక్కుతో కట్టబడినదే. అటుతరువాత మన రేవులలో పెక్కు యుద్ధనౌకలకు ఆ యుక్కే వాడుచున్నారు. నౌకలో నూటికి డెబ్బదియారు పాళ్లు స్వదేశీయమని ప్రభుత్వము ప్రకటించినది. ఇది గర్వింపదగిన విషయము. కాని ఆ నౌకను నడపుచున్న నాలుగు గ్యాసు టర్బయినులు అమెరికా రూపకల్పనవి. ఒడలు మనది, ఊపిరి పరులదిగా నున్న స్థితి ఇచ్చటను తప్పలేదు.

ఇక పొత్తు ఫలించిన సందర్భము నొకదానిని చూతము. 1983లో కలాముగారి నాయకత్వమున హైదరాబాదు కేంద్రముగా క్షిపణుల నిర్మాణమునకు దీక్షవహించిరి. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ప్రయోగింపబడినవి. 1987లోనే ధనికరాజ్యములు కూడి క్షిపణివిద్య పరులకు చేరకుండ కట్టుబాట్లు చేసికొనియుండెను. అయినను మార్గనిర్దేశపు లెక్కలు, పైతొడుగు పదార్థములు, గమ్యమును తప్పని నేర్పు మనవారికి స్వంతమైనవి. 1998 ఫిబ్రవరిలో రష్యావారు మనతో కలిసి బ్రహ్మోస్ క్షిపణి చేయుటకు అంగీకరించిరన్నచో అందులకు కారణమిదియే. ధ్వనికంటె వేగముగా పోవు ఇంజనువిద్య వారియొద్ద కలదు. దానిని నడపు విద్య మనయొద్ద కలదు. బ్రహ్మపుత్ర, మాస్కో నదుల పేర్లు కలిపి పెట్టిన ఆ సంస్థలో మన వాటా నూటికి 50.5, వారి వాటా 49.5. 2001 జూను 12న మొదటిప్రయోగము నెరవేరెను. 2022 జనవరిలో ఫిలిప్పైన్సువారు ఇంచుమించు 37 కోట్ల 50 లక్షల డాలర్లకు వానిని కొనుటకు ఒడంబడిక చేసికొనగా, 2024 ఏప్రిలులో మొదటి సరకు వారికి చేరినది. ముప్పదియేండ్లనాడు ఏ విద్య మనకు దక్కరాదని తలుపులు మూసిరో, ఆ విద్యతో చేసిన వస్తువును నేడు మనమే యెగుమతి చేయుచున్నాము.

2025 మే నెలలో పాకిస్తానుతో జరిగిన నాలుగుదినముల పోరాటమున మన గగనతలమును కాపాడిన సాధనములలో రెండింటిని పోల్చి చూడవలెను. ఒకటి ఆకాశ్ క్షిపణి. 1983 దీక్షలో పుట్టి, భారత్ డైనమిక్సువారిచే తయారుచేయబడుచున్నది. రెండవది రష్యానుండి కొన్న ఎస్-400. రెండును బాగుగా పనిచేసినవనియే ప్రభుత్వమువారు చెప్పిరి. 2018లో 543 కోట్ల డాలర్లకు ఐదు ఎస్-400 దళములను కొనుటకు ఒడంబడిక కాగా, 2021 డిసెంబరునుండి 2023 లోపల మూడు చేరినవి. పిమ్మట యుక్రెయిన్ యుద్ధము మూలముగా మిగిలిన రెండింటి రాక యేండ్లకొలది వెనుకబడినది. సొమ్ము మనది, ఒప్పందము మనది, సరిహద్దుమీద అవసరము మనది; కాని వేళ మాత్రము మన చేతులలో లేదు. ఆకాశ్ విషయములో ఆలస్యము మన యింటిది కావున మందలించి సరిదిద్దుకొనుటకు వీలుండెను.

ఇట్లు మనవారిని పొగడుటతో సరిపెట్టుకొన్నచో సంపాదకధర్మము నెరవేరదు. 1983లో సంకల్పించిన ఆకాశ్ 2015లో గాని వాయుసేనలో లాంఛనముగా చేరలేదు. అదే సంవత్సరమున తలపెట్టిన తేజస్‌కు మొదటి దళమేర్పడినది 2016 జూలైలో. ఒక తరము సైనికులు ఆ విమానము కొరకు ఎదురుచూచుచునే ఉద్యోగవిరమణ చేసిరి. ఆలస్యమునకు పరరాజ్యముల యాంక్షలే కారణమనుట సగమే నిజము. కోరికలను మాటిమాటికి మార్చుచుండిన సేనాకార్యాలయములు, నెరవేర్పజాలని గడువులను ఒప్పుకొనుచుండిన ప్రయోగశాలలు, దస్త్రములను నెలలతరబడి కదలనీయని సచివాలయములు, వీరందరును ఈ పాపమున భాగస్థులే. స్వదేశీయను పేరున నాసివస్తువును సైనికునికిచ్చుట దేశభక్తి కాదు. నూలుబట్ట మోటుగా నున్నను కట్టుకొన్నవానికి ప్రాణహాని లేదు. విమానమట్టిది కాదు. దేశీయాయుధమునకు మన్నన కోరవలెనన్నచో మొదట నాణెము కోరవలెను.

ప్రస్తుతము అన్నిటికంటె గడ్డుప్రశ్న ఇంజనుది. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ విమానములకై ఇంచుమించు 48,000 కోట్ల రూపాయలకు ఒడంబడిక జరిగినది. 2024 మొదట విమానములు రావలసియుండెను. అమెరికానుండి రావలసిన 99 ఇంజనులలో మొదటిది 2025 మార్చిలో గాని పంపబడలేదు. ఇతర కారణములును లేకపోలేదు గాని, ఇంజను రాని విమానము ఎడ్లు లేని బండియే గదా. ఇంతలో 2025 సెప్టెంబరున 62,370 కోట్లకు మరి 97 విమానములను, ఆ నవంబరులో వానికై మరి 113 అమెరికా ఇంజనులను కొనుటకు ఒడంబడికలైనవి. వేరు దారి లేదు కనుక ఈ కొనుగోలును మేము ఆక్షేపింపము. కాని ఇందులో దేశముయొక్క పరాధీనత యెంత లోతైనదో చదువరులు గ్రహింపకపోరు.

ఇంజనుచేయుట ఏల ఇంత కష్టము? యుద్ధవిమానపు ఇంజనులో మండిన వాయువుయొక్క వేడి, అందు తిరుగు రేకుల లోహము కరగు వేడిని మించును. అయినను రేకు కరగరాదు, సాగరాదు, నిమిషమునకు వేలసార్లు తిరుగుచు గంటలకొలది నిలువవలెను. అందులకై రేకునంతటిని లోపల అతుకులేని ఒకే స్ఫటికముగా పోతపోసి, లోపల వెండ్రుకవాసి దారులలో గాలి పారించి చల్లార్తురు. ఈ పోతవిద్య తెలిసిన రాజ్యములు చేతివ్రేళ్లపై లెక్కింపదగినవి. వారెవ్వరును దీనిని ఏ వెలకును సంపూర్ణముగ అమ్మరు. మనవారు 1989లో కావేరి యను పేర ఇంజనునొకదానిని మొదలిడిరి. అది కోరిన శక్తి నీయలేదు, బరువు మించినది. 2008లో తేజస్‌తో దాని ముడి విప్పివేసిరి. 2010లో దానిని ఆకసమున పరీక్షింపవలసివచ్చినప్పుడు, అట్టి పరీక్షకు తగిన విమానము మన దేశమున లేక రష్యాకు పంపి పరీక్షించిరి. ఇంతకంటె మన స్థితిని తెలుపు గుర్తు వేరొకటి కావలయునా? పరీక్షకై పరుల ముంగిట నిలిచినవాడు ఏడాదికొక పర్యాయము తప్పుచేసి దిద్దుకొనగలడు. స్వంత ముంగిలి గలవాడు నెలకు పదిసార్లు దిద్దుకొనగలడు.

అయినను దీపము ఆరిపోలేదు. విక్రాంత్‌కు ఉక్కునిచ్చిన ఆ హైదరాబాదు పరిశోధనశాలవారే ఏకస్ఫటికపు రేకులను పోతపోసి, 2021 ఏప్రిలులో 60 రేకులను హెలికాప్టరు ఇంజను కొరకు హిందూస్థాన్ ఏరోనాటిక్సువారికి ఒప్పగించిరి. అవి చిన్న రేకులే. కాని నారుమడి చిన్నదైనంతమాత్రమున పొలమెల్ల ఊడ్వరాదని యెవ్వరును అనరు. 2023 జూనులో అమెరికా కంపెనీతో మరింత బలమైన ఇంజనును మన దేశమున చేయుటకు అవగాహనపత్రము వ్రాసికొనిరి. 2025 ఆగస్టులో ఫ్రెంచి కంపెనీతో కలిసి రాబోవు తరపు విమానమునకు కొత్త ఇంజనును రూపొందింతుమని రక్షణమంత్రి ప్రకటించిరి. ఈ రెండింటిలో మొదటిది చాలవరకు కౌలు. రెండవది సక్రమముగా వ్రాసికొన్నచో పట్టా కాగలదు. వ్రాతలోనే యున్నది సర్వమును.

కావున ఇట్టి ఒడంబడికలపై చేవ్రాలు చేయుటకు ముందు మన ప్రభుత్వమువారు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మేము కోరుచున్నాము. ఈ వస్తువు రూపమును మార్చుటకు మనకు స్వేచ్ఛ కలదా? వేడిని భరించు భాగముల లోహవిద్య ఇందులో చేరినదా, లేక ఆ భాగములు పెట్టెలలో కట్టి పంపెదరా? పరీక్షలు మన గడ్డపై జరుగునా? మూడవదేశమునకు అమ్మదలచినచో ఎవరి యనుమతి కావలెను? ఈ నాలుగింటికి సంతృప్తికరమైన జవాబు లేనిచోట, నూటికి ఎనుబది పాళ్లు స్వదేశీయమని యెంత చాటినను అది అంకెల గారడియే యగును. మడి, విత్తనము, ఎరువు, కూలి అన్నియు మనవే. తూముమీది బిళ్ల మాత్రము ఎదుటివాని చేతిలో నున్నదనుకొనుడు. లెక్కకు నూటికి తొంబదితొమ్మిది మనవే. పంట ఎవరి దయ?

ధనముమాట వచ్చినపుడు పెద్దలు తల అడ్డముగా త్రిప్పుదురు. 2025-26 సంవత్సరమునకు రక్షణశాఖకు కేటాయించినది 6,81,210 కోట్ల రూపాయలు. అందులో రక్షణ పరిశోధనాసంస్థకు చేరినది 26,816 కోట్లు, అనగా నూటికి నాలుగు రూపాయలకు లోపే. స్టాక్‌హోముననున్న శాంతిపరిశోధన సంస్థవారి గణనము ననుసరించి 2020నుండి 2024 వరకు ప్రపంచమున ఆయుధములను అధికముగా దిగుమతి చేసికొన్న రాజ్యములలో మనది రెండవస్థానము. ఆ గణనములోనే ఒక శుభసూచనయు కలదు. 2010-14లో మన దిగుమతులలో నూటికి 72 పాళ్లు రష్యానుండియే వచ్చుచుండగా, 2020-24లో అది 36 పాళ్లకు దిగినది. ఒక్క యంగడిపైననే ఆధారపడుట తగ్గినది. అయితే ఒక షావుకారు అప్పును ముగ్గురు షావుకార్లకు పంచినంతమాత్రమున అప్పు తీరినట్లు కాదు. ఎరువుసొమ్ము బరువుచేటని మన పెద్దలన్న మాట ముగ్గురి యెరువునకును వర్తించును.

సేనల కలయికను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. అమెరికాతో 1992లో మొదలైన మలబార్ నౌకావిన్యాసములలో నేడు జపాను, ఆస్ట్రేలియాలును పాల్గొనుచున్నవి. 2016లో పరస్పరము రేవులను, ఇంధనమును వాడుకొనుటకు అమెరికాతో ఒడంబడికయైనది. 2019 నవంబరులో విశాఖపట్టణము, కాకినాడ తీరములందు ఇరుదేశముల త్రివిధదళములు కలిసి విన్యాసములు జరిపినవి. 2022లోను, 2024లోను మిలన్ పేర పెక్కురాజ్యముల నౌకలు విశాఖతీరమునకు వచ్చినవి. తుపానుబాధితులకు తోడ్పడుటకు, సముద్రపుదొంగలను అడ్డుటకు, ఇతరుల నైపుణ్యము చూచి మనదానిని తూచుకొనుటకు ఈ కలయికలు అవసరమే. కాని విన్యాసమునకు వచ్చిన చుట్టము యుద్ధమునకును వచ్చునని నమ్మి యిల్లు కట్టుకొనరాదు. 1965 నాటి యనుభవము మరువరానిది.

ఈ విషయమున తెలుగువారికి ప్రత్యేకబాధ్యత కలదు. 1962లో క్షిపణి ప్రయోగశాల హైదరాబాదు చేరినది మొదలు, 1963లో లోహపరిశోధనశాల, 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిశ్రధాతు నిగము ఆ నగరముననే వెలసినవి. 2009 జూలై 26న మన తొలి స్వదేశీ అణుజలాంతర్గామి అరిహంత్ విశాఖపట్టణముననే నీట దింపబడినది. 1926లో బందరున శాస్త్రపరికరములు చేయుటకు స్థాపించిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్సులో కలిసి, సైనికునికి రాత్రివేళ చూపునిచ్చు సాధనములను చేయు కర్మాగారమైనది. స్వదేశీయుద్యమపు దినములలో బడిపిల్లలకు కొలతగొట్టములు, త్రాసులు పరదేశమునుండి తెప్పింపనేలయని ఒక చిన్నపట్టణమున గలిగిన పట్టుదల నూరేండ్లకు ఎచ్చటికి చేరినదో చూడుడు. నాడు ఆ కంపెనీకి ప్రభుత్వాశ్రయము లేదు. వాటాలు కొన్నవారు, సరకు కొన్నవారు మనవంటి గృహస్థులే.

నేడును పెద్దసంస్థలకు మరలు, తొడుగులు చేసియిచ్చు చిన్న కార్ఖానాలు బాలానగరు మొదలగు ప్రాంతములలో పెక్కులు కలవు. ఇసుమంత తేడా వచ్చినను సరకు తిరిగివచ్చు కఠినమైన పనిలో వారు నలుగుచున్నారు. చిన్నపరిశ్రమలకు బాకీ 45 దినముల లోపల చెల్లింపవలెనని 2006 నాటి చట్టము శాసించుచున్నను, సొమ్ము నెలల తరబడి నిలిచిపోవుచున్నదన్న మొర సర్వత్ర వినబడుచున్నది. స్వదేశీ యని వేదికలపై పలుకు ప్రభుత్వమువారు మొదట ఆ బిల్లులను చెల్లింపవలెను. కార్ఖానా తాకట్టుపెట్టి కూలి చెల్లించువానికి కొత్త యంత్రము కొను తలంపెట్లు పుట్టును?

మన విద్యాలయముల స్థితియు చింతింపదగినదే. ప్రతి పట్టణమున ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి; లోహశాస్త్రము చెప్పుచోటులు మాత్రము మిక్కిలి తక్కువ. పొలము కుదువబెట్టి కుమారుని చదివించు తండ్రి అతడు కంప్యూటరు పనికై విదేశము పోవలెనని కోరుట తప్పనలేము. ఆ చదువునకు వెంటనే కూడు దొరకును. కాని పోతవిద్య, దహనవిద్య నేర్చిన బాలునికి ఇచ్చటనే గౌరవమైన వేతనమును, పనిచేయుటకు ప్రయోగశాలయు చూపింపని ప్రభుత్వము ఆ తండ్రికి ధర్మములు చెప్పుటకు అర్హము కాదు. మిగ్ విమానముల ఇంజనులు తయారైన కోరాపుట్ కర్మాగారముననే, 26,000 కోట్లకు మించిన వెలతో 240 సుఖోయ్ ఇంజనులను చేయుటకు 2024 సెప్టెంబరున ఒడంబడికయైనది. ఆ యింజనుల రూపము రష్యావారిది. అరువదియేండ్ల తరువాతను ఆ గడ్డమీద కౌలుసేద్యమే సాగుచున్నది. అట్టి సొమ్ములో పదియవ వంతును ఆకసపు పరీక్షావిమానమునకు, ఎత్తులపరీక్షాశాలకు, పదిమంచి కళాశాలల కొలుములకు వేరుచేసి, ఏ మంత్రివర్గము మారినను ఆగకుండ పదునైదేండ్లు నడపినచో ఫలితము కనబడకపోదు.

పరులతో పొత్తు వలదని మేమనము. అవసరమైనది నేడు కొనవలసినదే. సరిహద్దున నిలిచిన సైనికుని పదునైదేండ్లు ఆగుమనుట న్యాయము కాదు. కాని కొనుచున్న ప్రతిదినమును నేర్చుకొనుచున్న దినముగా నుండవలెను. పొత్తుకు పోవువాడు స్వంత యెద్దునొకదానిని తోలుకొనిపోయినగాని సమభాగము దొరకదని ప్రతి రైతునకు తెలిసిన సంగతియే. రూర్కెలా కొలుములలో ఉక్కు కాగినపుడు, శ్రీహరికోటలో రెండవపర్యాయము నిప్పంటుకొన్నపుడు మన యెద్దు మనకు వచ్చినది. చండీగఢ్‌లో మిగ్-21 దిగిన దారిమీదనే, మన యింజను మ్రోతతో మన విమానము లేచుదినము రావలెను. అది వచ్చువరకు ఎన్ని యొడంబడికలు జరిగినను, వానిపై ఎవరెవరు చేవ్రాలు చేసినను, దేశము వానిని సంబరముతోగాక లెక్కలతో చూడవలెనని మా మనవి.